మా అన్న పాంక్రియాస్‌కి నేను పెట్టిన ఓళిగలు

ముందే చెబుతున్నా, ఇది ఒక మనిషి పాంక్రియాస్ మీద కన్నేసి, దాన్ని నా చేతులతో నేనే ముంచుకున్న కథ. ఆ మనిషి మా అన్న దావీదు. ఆళ్ళగడ్డ పక్కన వరి పండిస్తాడు. నేను నంద్యాల్లో లెక్కల టీచర్ని. పద్నాలుగో ఏట నుంచి నాకు షుగరు, రోజుకు నాలుగు సూదులు.

ఒకరోజు ఫోన్లో ఒక వ్యాసం కనబడింది. ఇన్సులిన్ తయారుచేసే కణాలు పాంక్రియాస్‌లో చిన్న చిన్న గుంపులుగా ఉంటాయట. ఇంకొకరి దగ్గర తీసి మనకి పెడితే కొందరికి సూదులు తప్పాయట. చిక్కల్లా ఒకటే, ఒళ్ళు పరాయి కణాల్ని గుర్తుపట్టి చంపేస్తుంది. ఆ కింద ఇంకా చాలా రాశారు. నేను చదవలేదు. సూదులు తప్పుతాయన్న మాట దగ్గరే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇంక అక్షరాలు యాడ కనబడతాయి?

పరాయి కాకూడదంటే ఎవరుండాలి? తోడబుట్టినవాడు. కానీ మా ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒక పెళ్ళి పంక్తిలో లడ్లు వడ్డించేవాడు నా దగ్గరికి రాగానే, ఆ చివర్నుంచి మా అన్న "మా పాపకు షుగరప్పా, ఆమెకి లడ్డు ఎయ్యాకండి" అని పందిరి ఎగిరిపోయేలా అరిచాడు. విస్తరి వదిలేసి లేచొచ్చేశాను. మాటల్లేని అన్న పరాయివాడితో సమానం. కాబట్టి ముందు కలిసిపోవాలి, తర్వాత కణాలు అడగాలి. లెక్క తేలింది. నవ్వకండి, నేను జీవశాస్త్రం టీచర్ని కాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పెట్టందే అన్నైనా ఇవ్వడని నేను దాన్ని సవరించుకున్నాను. మా అన్నకి ఓళిగలంటే ప్రాణం. కోస్తావాళ్ళు బొబ్బట్లంటారే, అవే. ఆదివారం చర్చి కాగానే డబ్బా నిండా ఓళిగలు, మీద నెయ్యి, ఆళ్ళగడ్డ బస్సు. వానైనా సరే, నాకు జ్వరమైనా సరే, ఒక్క వారం తప్పలేదు. ఇంత పట్టుదల పుస్తకాల మీద పెట్టుంటే ఈపాటికి ఆ వ్యాసం నేనే రాసేదాన్ని.

మూడో ఆదివారం మా వదిన రూతమ్మ అడిగింది. "ఏందిమ్మే, ఉన్నట్టుండి అన్న మీద ఇంత ప్రేమ? ఈయప్ప యాళకు రెండేసి తింటాండాడు."

"తిననీలే వదినా. బలం."

ఎనిమిదో ఆదివారం మా అన్న డబ్బా ఖాళీ చేసి, చెయ్యి కడుక్కోకుండానే అన్నాడు. "పొలంలో భాగం కావాలంటే అడుగు పాపా. ఈ తిప్పలెందుకు?"

"పొలమొద్దన్నా. నీ పాంక్రియాస్‌లో కొంచెం కావాల."

"అది యాడుంటాది?"

"కడుపు ఎనకాల."

"రెండుంటాయా?"

"ఒకటే."

వేళ్ళకంటిన నెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "నీకు సూదులు తప్పుతాయా?"

"తప్పొచ్చన్నా."

"అయితే తీసుకో. యాడికి రావాల?"

ఆ మాటకి నేను వాళ్ళింటి గడప మీద కూర్చుని ఏడ్చాను. మూడేళ్ళ కోపం ఒక్క మాటతో పోయింది.

మర్నాడు నంద్యాల్లో మా డాక్టరమ్మ ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆమె అంతా విని, నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకుంది. "ఆ కణాలు మామూలుగా చనిపోయినవాళ్ళ నుంచి తీస్తారమ్మా."

మా అన్న నా వైపు తిరిగాడు. "క్రిస్మస్ పొట్టేలును మేపినట్టు మేపితివే, అందుకా?"

డాక్టరమ్మ వివరించింది. ఆ కణాల్ని ఎక్కువగా కాలేయంలోకి ఎక్కిస్తారట. అక్కడ చాలావరకు నిలదొక్కుకోకముందే చచ్చిపోతాయట. అందుకే చర్మం కింద, కండలో, పొట్టలోని కొవ్వు పొరలో, ఇంకెక్కడైనా బతుకుతాయేమోనని వెతుకుతున్నారట.

"అంటే నారు ఉండాది, మడి కుదర్లేదు," అన్నాడు మా అన్న. "కుదిరినా పందులు తవ్వెయ్యవా?"

"పందులు కాదు, మీ చెల్లెలి సొంత కాపలా కుక్కలే తవ్వేస్తాయి. అన్నవైనా వదలవు. అసలు ఆమె కణాల్నే అవి బతకనియ్యలేదు."

"కుక్కల్ని కట్టేస్తే?"

"మందులతో కట్టెయ్యొచ్చు. అప్పుడు దొంగలు పడతారు, అంటే జబ్బులు."

మా అన్నకి రెండు నిమిషాల్లో అర్థమైంది. నాకు ఎనిమిది వారాలు పట్టింది.

"వచ్చారు కదా, మీదీ ఒకసారి చూద్దాం," అని డాక్టరమ్మ మా అన్న వేలు పొడిచింది. మిషన్ చూసి ఆమె ముఖంలో నవ్వు పోయింది. మూడు వందల ఇరవై.

"నేనే చేశాను," అన్నాను.

"ఇది ఎనిమిది వారాల్లో వచ్చింది కాదు. మీ అన్నయ్యకి ఎప్పటి నుంచో ఉండుంటుంది. మీ ఓళిగలు దాన్ని ఇంకాస్త ఎగదోశాయి. ఇప్పుడైనా తెలిసింది, మంచిదే."

బస్టాండుకు నడుస్తూ మా అన్న అన్నాడు. "ఇంగ ఆ పాంక్రియాస్ నాకే సాలదు పాపా. ఏమనుకోవాక."

మొన్న ఒక పెళ్ళిలో ఇద్దరం ఒకే పంక్తిలో కూర్చున్నాం. లడ్లవాడు మా అన్న విస్తరి ముందు ఆగాడు. నేను లేచి నిలబడ్డాను. "మా అన్నకి షుగరప్పా, ఆయనకి ఎయ్యాకండి." పందిరంతా తిరిగి చూసింది. మా అన్న విస్తరి వదల్లేదు, లేవలేదు. "మా చెల్లెలికి గూడా," అన్నాడు అంతకంటే గట్టిగా.

కనుక పెద్దలందరి ఎదుటా ఇదే నా ప్రమాణం. ఇకమీదట ఎవరి పాంక్రియాస్ మీద మనసుపడినా, ముందు వ్యాసం చివరిదాకా చదువుతాను, తర్వాత మనిషిని అడుగుతాను, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తాను. అదీ రాగిసంగటికే.