దొర మీద నేను రాసిన అర్జీ

ముప్పయ్యొక్క ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పాను. రోత, చీదర, ఏవగింపు, కంపరం, జుగుప్స... వీటి తేడాలు చెప్పమంటే పిల్లలు తలలు గోక్కునేవాళ్ళు. అప్పట్లో ఈ కుక్క నాకు తెలిసుంటే క్లాసులోకి తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టేదాన్ని. ఒక్క రోజులో పాఠం అయిపోయేది.

దాని పేరు దొర. మా అపార్ట్‌మెంటు మెట్ల కింది గదిలో ఇస్త్రీ చేసే మడత మావయ్య కుక్క అది. ఒక చెవి సగం లేదు. నోట్లోంచి చొంగ తీగలా సాగుతుంది, సాగుతూనే ఉంటుంది, తెగి చావదు! మురిక్కాలవలో ఏది కుళ్ళితే దాని మీద పొర్లి, అత్తరు పూసుకున్న పెళ్ళికొడుకులా తల ఎగరేసుకుంటూ వస్తుంది. గడప మీద ముందుకాళ్ళు చాపి కూర్చుని, మనమేదో దరఖాస్తు పట్టుకొచ్చినట్టు చూస్తుంది. బిస్కెట్టు వేస్తే వాసన చూసి మొహం తిప్పేసుకుంటుంది. మావయ్య "దొరా" అన్నాడా, ఇక ఒళ్ళంతా తోకే.

మావయ్య అసలు పేరు మా ఎవరికీ తెలీదు. పందొమ్మిదో ఏట బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టాడు, ఇప్పుడు అరవై రెండు. చొక్కా మడత పెడితే కొత్తగా కొన్న చొక్కా కూడా సిగ్గుపడాలి, అందుకే ఆ పేరు. భార్య చనిపోయిన ఏడాది ఈ కుక్క ఎక్కణ్ణించో వచ్చి బల్ల కింద పడుకుంది. "వచ్చినవాణ్ణి పొమ్మంటామా?" అన్నాడట. ఆ గదే ఆయనకు దుకాణం, ఆ గదే ఇల్లు.

ఆయన పని తీరు కొంచెం వేరు. మా ఇరవై రెండిళ్ళ మూటలూ విప్పి కలిపేస్తాడు. పెట్టె గోరువెచ్చగా ఉన్నప్పుడు పట్టు బట్టలు, బాగా కాలాక నూలు బట్టలు. అన్నీ అయ్యాక కాలరు లోపలో, చీర అంచు వెనకో తను కుట్టుకున్న నల్లదారం గుర్తు చూసి ఎవరివి వాళ్ళ అరలో సర్దుతాడు. మా ఇంటి గుర్తు రెండు అడ్డగీతలు.

ఒక రోజు బట్టల కోసం దిగి చూద్దును కదా, ఇస్త్రీ చేసిన నా గంజి చీరలో ఆ కుక్క ముక్కు, కళ్ళ దాకా దిగి ఉంది!

"ఛీ ఛీ! మావయ్యా, ఏంటిది? నా చీర!"

"ఏం కాలేదు టీచరమ్మా, ఊరికే చూస్తున్నాడు."

"ముక్కుతోనా చూసేది? ఆ చీమిడేంటి అంచు మీద?"

ఆయన చీర పైకెత్తి మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని వెతికాడు. అరచెయ్యంత మరక. ఆయనకు కనపడలేదు. నాకు ఒళ్ళు మండి ఉంది, ఆ సంగతి పట్టించుకోలేదు.

ఆ సాయంత్రమే అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళాను. "చెల్లెమ్మా, మీరు రాస్తే ఇక తిరుగుండదు" అని కాగితం చేతికిచ్చాడు. రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ మొహం దాచుకోవాలనిపిస్తుంది, ఎంత ఉత్సాహంగా రాశానో! నాకు తెలిసిన రోత మాటలన్నీ వాడాను. వారంలోగా కుక్కను వదిలించుకోవాలి, లేదంటే గది ఖాళీ చెయ్యాలి. సగానికి మించి ఇళ్ళు సంతకం పెడితే చాలు, పద్నాలుగు పడ్డాయి. మొదటిది నాదే. నకలొకటి మెట్ల దగ్గర గోడకంటించారు.

మర్నాడే మావయ్య దొరను ఊరికి అటు చివర గొట్టాల గోదాములో పనిచేసే బావమరిదికి అప్పగించి వచ్చాడు. హమ్మయ్య అనుకున్నాం.

మూడో రోజు నా మూట విప్పాను. జాకెట్ల మధ్యలో చారల నిక్కరు. నీటుగా, నాలుగు మడతలు పెట్టి! కర్రతో ఎత్తి పట్టుకున్నాను. అంతలో సెక్రటరీగారి భార్య నా లంగాను రెండు వేళ్ళతో వేలాడదీసుకుని తలుపు తట్టింది.

"ఇది మీదేనా వదినా?"

"మరి ఇది మీవారిదా?"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేక ఎవరివి వాళ్ళం పుచ్చుకున్నాం. ఎదురింటి వదినకు ఎవరివో బనియన్లు వచ్చాయి. మెట్ల మీద అందరూ బట్టలు దూరంగా పట్టుకుని తిరగడమే. నేను విసురుగా కిందికి దిగాను.

మావయ్య ఒక చొక్కా కాలరును బొటనవేలితో తడుముతున్నాడు. ఏడాదిన్నరగా దారం గుర్తు కనపడటం లేదట.

"మరి ఇన్నాళ్ళూ ఎలా సర్దావు?"

"వాడు సర్దాడు. బట్ట చూపించి 'ఎవరిది దొరా?' అంటే ఆ అర ముందు కూర్చునేవాడు. ఒక్కసారీ తప్పలేదు."

"ఇస్త్రీ చేశాక వాసనెక్కడుంటుంది?"

"మీకూ నాకూ ఉండదమ్మా. కళ్ళు పోయాయని తెలిస్తే బట్టలెవరిస్తారు? చెప్పకండి, మీకు పుణ్యముంటుంది."

నాకు జాలి కలిగిందనకండి. ముందు కలిగింది రోతే. ఏడాదిన్నరగా నా బట్టలన్నీ ఆ ముక్కు కిందనుంచే వచ్చాయన్నమాట! ఆ తర్వాత నా అర్జీ గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి పైకి వచ్చేశాను.

ఐదో రోజు దొర తనంతట తనే తిరిగొచ్చాడు. ఊరి కాలవలన్నీ దాటి వచ్చినట్టున్నాడు, ఒళ్ళంతా నల్ల బురద, మెడకు తెగిన తాడు. తిన్నగా తెల్ల చొక్కాల కుప్ప మీదికెక్కి పడుకున్నాడు. ఆ కంపుకు నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. మావయ్య మాత్రం ఆ బురద మెడను వాటేసుకుని కూర్చున్నాడు.

కుక్క వచ్చింది కాబట్టి గది పోతుంది. ఆదివారం మీటింగులో సెక్రటరీగారు అర్జీ తీశాడు. నేను లేచి పెన్నుతో నా పేరు అడ్డంగా కొట్టేశాను.

"ఇదేంటి చెల్లెమ్మా? రోతని రాసింది మీరేగా!"

"రోతే అన్నయ్యగారూ. ఇప్పటికీ రోతే. నా చీర మళ్ళీ ఉతుక్కుంటాను. అంతేగానీ దానికోసం మనిషిని రోడ్డు మీదికి గెంటమని రాశాను చూడండి, అది ఇంకా రోత."

కళ్ళ సంగతి చెప్పలేదు. కుక్క పోయాకే బట్టలు కలగాపులగమయ్యాయని మాత్రం అన్నాను. ఎదురింటి వదిన లేచి, "మళ్ళీ ఆ బనియన్లు నా మొహాన పడకుండా ఉంటే చాలు" అని తన పేరు కొట్టేసింది. ఇంకో ఇద్దరు కొట్టేశారు. పది మిగిలాయి, సగం లేవు. సెక్రటరీగారు కాగితం మడిచి, తన బట్టలు ఇక వేరే చోటికిస్తానని వెళ్ళిపోయాడు.

గది నిలిచిందని చెప్పడానికి నేనే కిందికి వెళ్ళాను. అర్జీ రాసింది నేనేనని కూడా చెప్పేశాను.

మావయ్య పెట్టె పక్కన పెట్టాడు. "తెలుసు టీచరమ్మా. గోడకంటించిన రోజే కరెంటు పనివాడి చేత చదివించుకున్నాను. రెండుసార్లు. ఒక్క తప్పు లేదన్నాడు. చాలా బాగా రాశారు."

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే మెచ్చుకున్నాడు.