దెబోరా నాయన

ఫోన్ కలవగానే జెమీమా నోటి వెంట వచ్చే మొదటి మాట ఒకటే. “ముందు ఆ రేడియో సౌండ్ తగ్గించండప్పా.” నమస్కారాలు, కుశలప్రశ్నలు అన్నీ దాని తర్వాతే.

ఇంటర్నెట్ రేడియోతో వచ్చిన తంటా అది. మదనపల్లెలో ఈమె మైకులో మాట్లాడింది జనాల ఫోన్లకు చేరడానికి అర నిమిషం పడుతుంది. ఒక ఫోన్లో రేడియో గట్టిగా పెట్టుకుని ఇంకో ఫోన్లో కాల్ చేసే మహానుభావులకు ఆ సంగతి పట్టదు. ఈమె అడిగిన ప్రశ్న అర నిమిషం తర్వాత వాళ్లింట్లో మోగి, ఆ మోత ఫోన్లోంచి తిరిగొచ్చి మళ్లీ రేడియోలో పడుతుంది. ఇక ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఆ దేవుడికే తెలియాలి.

దాని పేరు మూడూళ్ల రేడియో. కరోనా రోజుల్లో ఇళ్లల్లో మగ్గలేక కొందరు మొదలుపెట్టారు, ఆపడం చేతకాక ఇప్పటికీ నడుపుతున్నారు. జీతం ఎవరికీ లేదు. పుంగనూరులో భీమరావు అనే లెక్చరర్ కంప్యూటర్ పనంతా చూస్తాడు. కుప్పంలో మునిచంద్ర పొద్దున్నే తెలుగూ తమిళమూ కన్నడమూ కలిపి పాటలు కుమ్మరిస్తాడు. మదనపల్లెలో జెమీమా ఆస్పత్రి నర్సు. ఆదివారం సాయంత్రం ఇంట్లోనే, దుప్పట్లు వేలాడగట్టిన చిన్న గదిలో కూర్చుని, మోకాళ్ల నొప్పులకూ షుగరుకూ సలహాలు చెప్పి, అడిగిన పాట వేస్తుంది. ఎవరైనా జ్వరం గురించి అడిగితే మాత్రం “ఆస్పత్రికి పోండి” అని ఒక్క ముక్క చెప్పి పాట పెట్టేస్తుంది.

ఆ చిన్న గది దెబోరాది. జెమీమాకు ఒక్కగానొక్క కూతురు.

ఇంటర్ చదువుతుండగా పిల్లకు డెంగీ వచ్చింది. జెమీమా డ్యూటీకి పోతే తండ్రి శాలేము రాజు పిల్ల దగ్గర కూర్చున్నాడు. టమోటా మార్కెట్లో గుమాస్తా, చర్చిలో హార్మోనియం వాయించేవాడు, పిల్లంటే ప్రాణం. మధ్యాహ్నం నుదురు తాకి చూస్తే చల్లగా ఉంది. “జ్వరం తగ్గింది. చారన్నం తినింది” అని భార్యకు మెసేజి పెట్టాడు. వార్డులో నిలబడి అది చదివి జెమీమా నవ్వుకుంది. డెంగీలో జ్వరం తగ్గాకే అసలు ప్రమాదం మొదలవుతుందని నర్సులందరికీ తెలుసు. ఆమె పదిమందికి చెప్పిన మాటే అది. సాయంత్రానికి పిల్ల ఒళ్లు మంచుగడ్డ అయింది. భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. తెల్లారేసరికి పిల్ల లేదు.

“జ్వరం తగ్గిందని ఊరికే కూసున్నాడంట” అని ఇరుగుపొరుగు నోళ్లు నొక్కుకున్నారు. జనాలకేం, నోరుంది కదా. జెమీమా మాత్రం భర్తను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన్ని తినేసింది.

ఆమె ఏనాడూ భర్తను పేరుపెట్టి పిలిచింది లేదు. పెళ్లయిన కొత్తలో “ఏమప్పా” అనేది. పిల్ల పుట్టిన రోజు నుంచి “దెబోరా నాయనా” అనడమే. సమాధి కార్యక్రమం అయ్యాక సాయంత్రం ఆయన్ని అన్నానికి పిలవబోయి నోరు తెరిచింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఆ పిలుపులో సగం పిల్ల పేరే. ఇంకో పిలుపు ఆమెకు అలవాటు లేదు. ఆరోజు నుంచి పళ్లెంలో అన్నం పెట్టి, మూత వేసి, గ్లాసు బల్లమీద చప్పుడయ్యేలా పెట్టేది. ఆయన వచ్చి తిని పోయేవాడు. నెలల తరబడి ఆ ఇంట్లో పిలుపనేదే లేకుండా పోయింది. ఒకనాడు మూత వేసిన పళ్లెం మూత వేసినట్టే ఉండిపోయింది. ఆయన ఫోన్ హార్మోనియం పెట్టె మీద ఉంది. మనిషి లేడు.

చుట్టాల ఇళ్లూ చర్చిలూ పోలీస్ స్టేషనూ అన్నీ తిరిగి, చివరికి భీమరావు దగ్గరికి పోయి రేడియోలో ఒక గంట ఇమ్మని బతిమాలింది. బిడ్డపోయిన బాధలోనూ సేవ చేస్తోందని అందరూ మెచ్చుకున్నారు. సేవా లేదు, గీవా లేదు. శాలేము రాజు అన్నం లేకుండా ఉంటాడేమో గాని రేడియో లేకుండా ఉండలేడు. తన గొంతు ఎవరి ఫోన్లోనైనా ఆయన చెవిన పడాలి, ఇంటికి రావాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఒక ఆదివారం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వెనక బస్సు హారన్లు, వాటి మీద ఈమె గొంతే గట్టిగా మోగుతోంది. జెమీమా తర్వాతి పాట వెతుక్కుంటూ అలవాటుకొద్దీ అనేసింది.

“ముందు ఆ రేడియో సౌండ్ తగ్గించప్పా. ఎకో వస్తాండాది.”

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. “తగ్గిస్తాను” అన్నారు. లైన్ కట్ అయింది.

అది శాలేము రాజు గొంతని జెమీమాకు తెలిసిపోయింది. హార్మోనియం ముందు కూర్చుని పాట ఎత్తుకునే ముందు ఆ గొంతు అలాగే సవరించుకునేది. చేతికందిన పాట ఒకటి వేసేసి ఆ నంబరుకు తిరిగి చేసింది. 

“కుప్పం బస్టాండు కాడ టీ అంగడమ్మా ఇది” అన్నాడు ఎత్తినవాడు. “ఎవురో పెద్దాయన ఫోన్ అడిగితే ఇచ్చినా. నీ రేడియోనే మోగతా ఉండె. సౌండ్ తగ్గించమన్నాడు. కస్టమర్లు ఇంటాండారు, తగ్గించనంటి. ఫోన్ ఆడ పెట్టి పొయినాడు.”

“యాడికి పోయినాడప్పా?”

“ఎవురికి తెలుసమ్మా?”

తల గోడకేసి కొట్టుకుంది జెమీమా. మర్నాడే పుంగనూరు మీదుగా బస్సులు మారి కుప్పం పోయింది. ఫోటో పట్టుకుని టీ అంగడి, రైల్వే స్టేషను, గ్రానైట్ ఫ్యాక్టరీలు, గుడుపల్లె దాకా కాళ్లరిగేలా తిరిగింది. చూడలేదని ఎవరన్నా చెప్పినా బాగుండేది. ప్రతివాడూ “సూసినట్టే ఉండాదమ్మా” అన్నాడు.

ఆ తర్వాత సౌండ్ తగ్గించమని ఆమె ఎవరికీ చెప్పలేదు. నోటికి తాళం పడినట్టు ఆ మాటే రాలేదు. కాలర్ల గోల, దాని మీద ఎకో గోల. కొన్నాళ్లకు భీమరావు ఫోన్ చేశాడు.

“అక్కా, ఇనేవాళ్లు తిడతాండారు. కొందరు మానేసినారు కూడా. వచ్చే వారం నుంచి కాల్స్ ఆపేస్తాం. ముందే రికార్డు చేసి పంపించు.”

“కాల్స్ ఆపితే ఆయప్ప నాకు యాడ దొరుకుతాడప్పా?”

భీమరావుకు సంగతి తెలుసు. “నడిపేది నేనొక్కడినే కాదు కదక్కా” అన్నాడు. “ఈ ఆదివారం ఒక్కటీ చేసుకో.”

ఆ ఆదివారం జెమీమా పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. వరసగా కాల్స్ వచ్చాయి. ఒకామెకు మనవడి పుట్టినరోజు పాట, ఒకాయనకు నడుం నొప్పి. గంట అయిపోవస్తోంది. అప్పుడు ఇంకో కొత్త నంబరు నుంచి ఫోన్ మోగింది.

“హలో” అంది. పలకలేదు. మళ్లీ అంది. మనిషి మాట్లాడలేదు గాని, అటువైపు రేడియోలో ఈమె గొంతు అంతకుముందు చెప్పిన నడుం నొప్పి సలహా చెబుతోంది. ఎవరో వింటున్నారు. పాట అడగరు, ఫోన్ పెట్టేయరు. ఆయన కాకపోతే మూడూళ్లూ నవ్వుతాయి. నవ్వనీ.

“దె...” అంది. మైకు రెండు చేతుల్తో పట్టుకుంది. “దెబోరా నాయనా.”

లైన్ కట్ కాలేదు.

“దెబోరా నాయనా, జ్వరం తగ్గినాకనే బయమని నాకు తెలుసు. నర్సును నేను, నువ్వు కాదు. నీ మెసేజి సూసి నవ్వుకున్నా. పరిగెత్తుకోని రావాల్సింది నేను. నీ మీద కోపం కాదప్పా. నిన్ను పిలవాలంటే బిడ్డ పేరు ఎత్తాల. నా చేత కాలా.”

ఫోన్ చెవికి అదుముకుని కూర్చుంది. కాసేపటికి అటువైపు రేడియోలోంచి ఆమె పిలుపే వినిపించింది. దెబోరా నాయనా. నర్సును నేను, నువ్వు కాదు. అన్నీ ఒకటొకటిగా ఆయన ఉన్న చోట మోగాయి. ‘బిడ్డ పేరు’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆ సౌండ్ ఠక్కున ఆగిపోయింది. ఫోన్ పెట్టేశాడనుకుంది.

గొంతు సవరించుకున్న చప్పుడు.

“సౌండ్ తగ్గించినాను” అన్నాడు శాలేము రాజు. “చెప్పు.”

యాడుండావు అని అడగాలి, వచ్చేయమని చెప్పాలి. మూత వేసి పెట్టిన పళ్లేలు తప్ప ఆమెకేమీ గుర్తుకు రాలేదు.

“అన్నం తిన్నావా?” అంది.

మూడూళ్లవాళ్లూ ఆ మాట అర నిమిషం తర్వాత విన్నారు. ఆయన అప్పుడే విన్నాడు.

“ఇంగా లేదు” అన్నాడు.