మూడో పాటలో గొంతు

కొత్తవలస నుంచి అరకు మీదుగా పోయే రైలు మార్గంలో సొరంగాలు చాలా ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో దయ్యం కథ చెప్తారు. మా నాన్న ఆ లైనులో కీమ్యాన్‌గా పనిచేశారు. రోజూ పట్టాలు చూసుకుంటూ ఆ సొరంగాల్లోంచే నడిచేవారు. "గబ్బిలాలు తప్ప నాకింకేం కనపళ్లేదురా" అనేవారు. నేనూ ఆయన కొడుకునే. ఎవరైనా దయ్యాలూ ఆత్మలూ అని మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం. ఇది చెప్పాక కూడా నా రకం మారదు. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను.

రెండు వేల అయిదు ప్రాంతంలో మేం ముగ్గురం అరకులో ఒక పంక్ బ్యాండ్ పెట్టుకున్నాం. పంక్ అంటే గిటారు గట్టిగా, డ్రమ్ములు వేగంగా, పాడటం కన్నా అరవటం ఎక్కువగా ఉండే సంగీతం. ఎవరో టూరిస్టు లాడ్జిలో మరిచిపోయిన క్యాసెట్ విని నేర్చుకున్నాం. గిటారు నాది. డ్రమ్ములు దానియేలువి; వాడు చర్చిలో వాయించేవాడు. పాడేది వాడి అక్క రూతు.

రూతు పెదబయలు వైపు ఊళ్లలో నర్సు. ఆదివారం ఇంటికి వచ్చేది. ప్రార్థన అవగానే మా రైల్వే క్వార్టర్‌కి వచ్చి, నేను గిటారు శ్రుతి చేసుకునేలోపే పాట ఎత్తుకునేది. "ఏటి, నిద్రపోతన్నట్టు వాయిత్తన్నావు? బేగి కానీ" అని కసిరేది.

మా పాటల్లో మూడోది తనే రాసింది. కొండ రోడ్డు మీద బస్సు కోసం గంటల తరబడి నిలబడ్డ మనిషి కోపం అది. రెండో చరణం ఎప్పుడూ అర బీటు ఆలస్యంగా అందుకునేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. "బస్సే ఆలీసమైతే నాను టైముకెలా వత్తాను?" అనేది.

ఆమె అంటే నాకు ఇష్టం. ఆ మాట చెప్పడానికి ఆదివారాలు చాలా ఉన్నాయనుకున్నాను.

ఆ వానల్లో ఆమెకు మలేరియా వచ్చింది. జ్వరం మెదడుకెక్కింది. నాలుగో రోజు పోయింది.

ఆమె గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. మా టేప్ రికార్డర్‌లో రికార్డు మీట ఎప్పుడో విరిగిపోయింది. పాత కంప్యూటర్ ఒకటి, చిన్న మైకు ఒకటి నేను కొన్నది ఆమె పోయిన ఆరు నెలలకి. ఈ సంగతి ముఖ్యం, అందుకే చెప్తున్నాను.

ఆ కంప్యూటర్‌తోనే నేనూ దానియేలూ నాలుగు పాటలు రికార్డు చేశాం. కిటికీలకి బొంతలు కట్టి, గూడ్సు బండి వచ్చినప్పుడల్లా ఆగి, మళ్లీ మొదలుపెట్టి. పాడింది నేను. డ్రమ్ములూ, గిటారూ, గొంతూ విడివిడి ట్రాకులుగా తీసి, హెచ్చుతగ్గులు సరిచూసి ఒకటిగా కలిపాను. దాన్నే మిక్స్ అంటారు. ఎలా కుదిరిందో చెప్పమని ఇద్దరికి సీడీలు పంపాను. ఒకరు విశాఖపట్నంలో భక్తిపాటలు రికార్డు చేసే శేఖర్ గారు. రెండోవాడు బెంగళూరులో బ్యాండ్ల మీద చిన్న పత్రిక నడిపే కుర్రాడు. ఒకరికొకరు తెలియదు. రూతు గురించి ఇద్దరికీ ఒక్క ముక్క రాయలేదు.

ముందు శేఖర్ గారు ఫోన్ చేశారు. డ్రమ్ములు మరీ మీదకి వస్తున్నాయన్నారు. గిటారులో కరెంటు గీమనే మోత వినిపిస్తోందన్నారు. అన్నీ రాసుకున్నాను.

"అది సరేగానీ, మూడో పాటలో ఆ అమ్మాయిని అంత తొక్కేశారేంటి? మీ గొంతు తగ్గించి ఆమెను పైకి తియ్యండి" అన్నారు.

అమ్మాయి ఎవరూ లేరండీ, పాడింది నేనొక్కడినే అన్నాను. ఆయన నవ్వారు. "ఇన్నేళ్లుగా నాకు ఇదే పని బాబూ" అన్నారు.

ఆ రోజంతా కూర్చుని ఒక్కో ట్రాకూ విడిగా విన్నాను. నా గొంతు, నా ఊపిరి, దూరంగా ఒక కుక్క. ఇంకేమీ లేదు.

వారం తర్వాత నెట్ సెంటర్‌లో బెంగళూరు నుంచి వచ్చిన మెయిల్ చదివాను. రెండో చరణంలో ఆ అమ్మాయి అర బీటు ఆలస్యంగా వస్తోందని, దయచేసి దాన్ని సరిచెయ్యొద్దని రాశాడు. పాటకి ప్రాణం అదేనట. నా ముఖం చూసి పక్క కుర్చీలో ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

తిన్నగా దానియేలు వాళ్లింటికి వెళ్లాను. వాడు నా మాటకి ఆశ్చర్యపోలేదు.

"నువ్వే పెట్టావనుకున్నాన్రా. అక్క గొంతు నీకాడ ఎక్కడో దాసుకున్నావని. అడిగితే బాధపడతావని అడగనేదు" అన్నాడు. నా వైపు తిరిగి, "నీకు ఇనబడ్డం నేదా?" అన్నాడు.

లేదన్నాను.

వాళ్ల అమ్మకి ఏమీ చెప్పకుండా ఆ పాట వేశాం. ఆమె అరుగు మీద చేటలో రాజ్‌మా గింజలు ఏరుతోంది. రెండో చరణం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇదెప్పుడు పాడినాదిరా అది? నాకు సెప్పనేదు" అంది. తర్వాత, "మల్లీ ఎయ్యి" అంది. మళ్లీ వేశాం. సాయంత్రం దాకా వేస్తూనే ఉన్నాం. చేట ఆమె ఒళ్లో అలాగే ఉండిపోయింది.

మిక్స్ మళ్లీ చేశాం. ఆమెకంటూ ట్రాకే లేదు, పైకి తియ్యడానికి. అందుకని మిగతావన్నీ తగ్గించుకుంటూ వచ్చాం. దానియేలు కళ్లు మూసుకుని వింటూ "ఇంకా, ఇంకా" అన్నాడు. చివరికి రెండో చరణంలో నా గొంతు పూర్తిగా తీసేశాను. వాడు తలూపాడు. శేఖర్ గారు కూడా ఇప్పుడు సరిగ్గా ఉందన్నారు. నాకు మాత్రం అక్కడ డ్రమ్ములూ, వెనకాల సన్నటి కరెంటు మోత, అంతే.

ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నెమ్మదిగా తిప్పి విన్నాను. ఏడుస్తూ విన్నాను. అందరికంటే ఎక్కువగా వినాలనుకున్నది నేనే. ఆ గొంతు అందులోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నన్నొక్కణ్ణే ఎందుకు వదిలేసిందో అంతకన్నా తెలియదు.

అరకు వెళ్లినప్పుడల్లా వాళ్లింటికి వెళ్తాను. ఆ తల్లి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాట పెడుతుంది. నేను ఆమె ముఖం చూస్తూ కూర్చుంటాను. గొంతు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో అన్నీ ఆ ముఖంలోనే తెలుస్తాయి.

పాట అయిపోయాక, "బాగా పాడినాది గదా, బాబూ?" అని అడుగుతుంది.

"చాలా బాగా పాడిందమ్మా" అంటాను.

నాకు వినపడదని ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.