పార్ట్నర్ దయాకర్

లాలాపేట బస్తీలో దయాకర్‌ను అందరూ పార్ట్నర్ అనే పిలిచేవారు. ఎగతాళిగా మొదలుపెట్టారు గానీ ఆయనకది బిరుదులా అతుక్కుపోయింది. తార్నాక చౌరస్తాలో బైక్ టాక్సీ నడిపే మనిషికి కంపెనీ పెట్టిన పేరది. పనివాడు కాదట, పార్ట్నరట. మీసం మెలేయడానికి ఇంకేం కావాలి!

తండ్రి వెంకటనర్సయ్య నూలుమిల్లులో పనిచేసి, సంఘం జెండా మోసిన మనిషి. మిల్లు మూతపడ్డప్పుడు దయాకర్ చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ కోపం నేటికీ చల్లారలేదు. సంఘాలూ, సర్కారు చట్టాలూ కలిసి మిల్లును ముంచాయని దయాకర్‌కు గట్టి నమ్మకం. మిషన్లు తుప్పుపట్టినా యజమాని కొత్తవి తేలేదని తండ్రి చెబితే చెవిన పెట్టేవాడు కాదు.

ఆ మధ్య వానాకాలంలో యూనివర్సిటీలో చర్చ పెట్టారు. యాప్‌ల కింద పనిచేసేవాళ్ల కోసం సర్కారు చట్టం తేవాలా, కంపెనీలను వాటి మానాన వదిలెయ్యాలా అని. తరచూ ఆయన బండెక్కే పరిశోధక విద్యార్థిని జ్యోతిర్మయి వచ్చి మాట్లాడమని పిలిచింది. చట్టం కావాలంటాడని పాపం ఆ పిల్ల ఆశ. ఈయన మైకు పట్టుకుని ఆ ఆశ మీద నీళ్లు చల్లాడు.

"నేను ఎవ్వని కింద పనోన్ని కాదు, పార్ట్నర్ని. నడుమ సర్కారెందుకు? మిల్లుల గట్లనే దూరి ఆగం జేసిర్రు" అన్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

వారం తిరగకముందే, మెట్రో దిగి వచ్చిన ఒకడు తనతోపాటు దోస్తును కూడా ఎక్కించుకోమన్నాడు. ముగ్గురెక్కితే చలాన్ పడుతుందని దయాకర్ ఒప్పుకోలేదు. దురుసుగా మాట్లాడాడంటూ వాడు ఫిర్యాదు కొట్టాడు. తెల్లారేసరికి యాప్‌లో దయాకర్ ఐడీ బంద్. ఐడీ లేకపోతే సవారీ లేదు, సవారీ లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

హబ్సిగూడలో కంపెనీ ఆఫీసుకు పోయాడు. ముందు తలుపు దగ్గరే వాచ్‌మన్ ఆపాడు. పార్ట్నర్ని అని ఛాతీ విరిచి చెబితే, పార్ట్నర్లు వెనక గేటు నుంచి రావాలన్నాడు. పోయి చూస్తే ఇంత పొడుగు లైను, అందరూ పార్ట్నర్లే! కిటికీలోని అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమెదీ ఉద్యోగమే కదా.

"సార్, మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానెయ్యొచ్చు. కంపెనీ కూడా అంతే. పార్ట్నర్స్ కదా."

తన మాట ఒక్కటి వినమని బతిమాలాడు. వినే ఏర్పాటు లేదంది. అక్కణ్ణుంచి సర్కారు లేబర్ ఆఫీసుకు పోతే, కాగితాల్లో మీరు పనివారని లేదు, చట్టం ఇంకా చర్చల్లోనే ఉంది, మేమేం చెయ్యగలమన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోయాడు దయాకర్. తన గోడు చెప్పుకోవడానికి ఇంత పెద్ద పట్నంలో ఒక్క చోటు లేకపోయిందని ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి తండ్రి పక్కన కూలబడి జరిగిందంతా చెప్పాడు. ఎత్తిపొడుస్తాడని తల దించుకున్నాడు గానీ ముసలాయన చెంబుతో నీళ్లు అందించాడు. నీళ్లు తాగి దయాకరే అడిగాడు.

"నాయినా, మిల్లుల మిమ్మల్ని తీసేస్తే ఎవ్వరి దగ్గరికి పోయి అడిగేటోళ్లు?"

వెంకటనర్సయ్య కొడుకు ముఖంలోకి తేరిపార చూశాడు.

"ఒక్కొక్కలం పోయి ఎన్నడు అడగలే బిడ్డా. గా లైన్ల నిలబడ్డోళ్ల నంబర్లు తీస్కున్నవా?"

లేదన్నాడు దయాకర్. లేచి చెప్పులేసుకుని, మళ్లీ హబ్సిగూడ బయల్దేరాడు.