సాంబ్రాణి పీల్చిన మినీ కంప్యూటర్

బీరువా అంత కంప్యూటర్‌ను నేను ఒక్క నిమిషంలో, అదీ కొబ్బరికాయ కొట్టి మరీ చంపిన కథ ఇది. గుండె గట్టివాళ్లు చదవండి. యంత్రాలంటే జాలిపడేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవడం మంచిది.

తొంభైల చివర. తిరుపతిలో డిగ్రీ ముగించి, కాలు ఒకచోట నిలవక తిరుగుతున్న రోజులు. చిత్తూరులో ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీ తన పాత మినీ కంప్యూటర్‌ను వదిలించుకుంటోందని విని ఎగిరి దాని మీద పడ్డాను. మినీ అంటే చేతిసంచిలో పడుతుందనుకునేరు, లారీలో నిలబెట్టి తెచ్చాం. దాని వెంట గుజ్జు వాసన, ఆ వాసన వెంట చీమలు, ఊరేగింపు మొత్తం మా హాల్లోకి దిగింది.

మా నాయనకు పిండిమర ఉంది. యంత్రమన్నాక పిండి రాల్చాలని ఆయన సిద్ధాంతం.

"ఏందిరా ఇది?"

"కంప్యూటర్ నాయనా. బాగు చేస్తా."

"ఏం చేస్తాది?"

"లెక్కలు."

"నేనూ చేస్తా. నాకింత జాగా కావాల్నా?" చుట్టూ ఒకసారి తిరిగి చూసి తీర్పు చెప్పేశాడు. "సూడు, ఆయుధపూజ నాటికి ఇది నడిస్తే ఈడే ఉంటాది. లేదంటే పాత ఇనుప సామాన్లోడికి పోతాది."

అప్పటినుంచి నాకు తిండి నిలబడే, నిద్ర కూర్చునే. దాని ఫ్యాన్లు తిరగకపోతే వాటికంటే పెద్దవి రెండు తెచ్చి ముందువైపు బిగించాను. దుమ్ము లోపలికి పోకుండా అడ్డుగా ఉండే స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే, దాని బదులు ఇంకోటి వెతికే ఓపిక లేక పీకి పారేశాను. ముక్కులో వెంట్రుకలు పీకేసి మనిషిని మిరపకాయల మర ముందు నిలబెట్టినట్టు! ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. నాకు మట్టు కాదు, బొత్తిగా సున్నా.

అయినా, పూజకు ముందురోజు అది నడిచింది! తెర మీద పచ్చటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘నమస్కారం’ వచ్చింది. ఇల్లంతా గంతులు వేశాను. చూపిద్దామంటే ఇంట్లో ఒక్కరూ లేరు. సరే, పొద్దున పూజలోనే అందరికీ చూపిద్దామని ఆ రాత్రంతా మంచం మీద దొర్లుతూనే ఉన్నాను.

తెల్లారింది. అమ్మ కంప్యూటర్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసింది. పక్కింటి రెడ్డెప్ప మామ కూడా వచ్చాడు.

"పూజయ్యేదాకా ఏ మిషనూ తిప్పకూడదు. మర కూడా ఆపొచ్చినా," అన్నాడు నాయన నా చేతుల వైపే చూస్తూ.

నా వేళ్లు దురద పెడుతున్నాయి. ధూపం వేస్తుండగా తెర మీద ‘నమస్కారం’ వెలిగితే నాయన ముఖం ఎలా ఉంటుంది? మీరైతే ఆగేవాళ్లేమో. నేను కొబ్బరికాయ కొట్టి, కంప్యూటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి స్విచ్చి నొక్కేశాను.

ఫ్యాన్లు బుస్సుమన్నాయి. అమ్మ చేతిలోని సాంబ్రాణి పొగ బారుకట్టి పెట్టెలోకి దూరింది.

"అయ్యో, పొగ యాడికి పోతాండాది?" అన్నాడు నాయన.

"స్వామి తీసుకుంటాండాడు!" అంటూ అమ్మ ఇంకో పిడికెడు సాంబ్రాణి వేసి మరీ ముందుకు జరిగింది.

లోపల గిర్రున తిరిగే డిస్కుకీ, దాన్ని చదివే ముల్లుకీ మధ్య ఎడం వెంట్రుక మందం కూడా ఉండదు. పొగ నలుసు చాలు, ముల్లు డిస్కును గీకేస్తుంది. గీకింది. కీ...ర్ర్ మని ఇల్లంతా మోగింది.

"ఏం నాదమప్పా!" రెడ్డెప్ప మామ చెంపలు వేసుకున్నాడు.

నేను ప్లగ్గు పీకేశాను. నాకు ఏడుపొచ్చింది.

"పాట ఆపేసినావేంరా?"

"పాట కాదు నాయనా, ప్రాణం పోయింది. ఇంక నడవదు. సామాన్లోణ్ణి పిలిపించు."

నాయన దాని పసుపు చూశాడు, బొట్టు చూశాడు, దండ చూశాడు.

"పూజ చేసిన మిషన్ను ఇనుముకేస్తారంట్రా? బుద్ధుండాదా నీకు? ఈడే ఉండనీ." ఆపైన రెడ్డెప్ప మామ వైపు తిరిగి మెచ్చుకోలుగా అన్నాడు. "మా మరకన్నా ఇదే నయమప్పా. కరెంటు తినదు."

కాబట్టి ఏడుకొండలవాడి మీద ఆన. హారతి కళ్లకద్దుకునేదాకా ఇక ఏ స్విచ్చి మీదా చెయ్యి వేయను. చెయ్యి ఆగేట్టు లేకపోతే, ఆ రోజే అమ్మ వేసిన ఆజ్ఞ ప్రకారం, రెండు చేతులతో హారతి పళ్లెం పట్టుకొని నిలబడతాను.