గోలీకో బీడీ

పెబ్బేరు బస్టాండు పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న షరీఫాబీని "తీరికగా ఉన్నావా?" అని ఎవరైనా అడిగితే ఒళ్ళు మండిపోతుంది. తెల్లారితే శనగపిండి, పొద్దెక్కితే మిరపకాయలు, శనివారం పశువుల సంత అంటే ఇక చెప్పనే అక్కర్లేదు. దానికి తోడు ఇంట్లో తమ్ముడు బాబా. నలభై దాటిన మనిషి, మంచి ఎత్తు, చక్కని ముఖం. ఏం లాభం? ఇరవై రెండేళ్ళప్పుడు లారీ క్లీనరుగా పోతూ పోతూ, ఎవరో తనను తిడుతున్నారని చెవులు మూసుకుని నడిరోడ్డు మీద దిగిపోయాడు. ఆ తిట్లు ఇంకెవరికీ వినపడలేదు.

అప్పటికి అమ్మానాన్నలు ఉన్నారు. తాయెత్తులు కట్టించారు, దర్గాలు తిప్పారు, చివరికి పారిపోకుండా కాలికి గొలుసు వేశారు. మొగుడు పోయి పుట్టింటికి చేరిన షరీఫాబీ ఆ గొలుసు చూసి రెండు పూటలు అన్నం ముట్టలేదు. తమ్ముణ్ణి కర్నూలు తీసుకుపోయి మానసిక వైద్యుడికి చూపించింది ఆమే. గోలీలు పడ్డాక తిట్లు సద్దుమణిగాయి. గొలుసు ఊడింది.

కానీ ఆ గోలీ మింగించడం ఉందే, అబ్బబ్బ! పళ్ళు బిగబట్టేవాడు, నోట్లో వేస్తే ఉమ్మేసేవాడు. ఒకనాడు విసిగిపోయి, పక్కింటి జంగమ్మ పెనిమిటిని ఒక బీడీ అడిగి తెచ్చి, "మింగు, ఇది ఇస్త" అంది. గుటుక్కున మింగాడు. ప్రాణం ఎంత తేలికపడిందో! ఆనాటి నుంచి పొద్దున గోలీకో బీడీ, రాత్రి గోలీకో బీడీ. ఒకసారి నిప్పు పడి చాప అంటుకున్నాక, అతను తాగుతున్నంతసేపూ పక్కనే కాపలా కూర్చోవడం కూడా ఆమె నెత్తినే పడింది.

చూసినవాళ్ళు ఊరుకుంటారా? బాబా చేత నీళ్ళు మోయించాలంటే బీడీ, కట్టెలు కొట్టించాలంటే బీడీ, అరుగు మీది నుంచి లేపాలన్నా బీడీయే. పాపం పిచ్చోడు, అదొక్కటే వాడి సంతోషం అని వాడలోని వాళ్ళంతా పుణ్యం కట్టుకున్నారు. రోజుకు రెండు కట్టలు దాటింది. రెండువేల ఆరు వానాకాలం వచ్చేసరికి చెంబు పట్టుకుని దొడ్లోకి పోయి రావడానికే రొప్పసాగాడు.

"తగ్గించాలమ్మా," అన్నాడు కర్నూలు డాక్టరు. "ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. పైగా ఆ పొగ గోలీల బలాన్ని కూడా తగ్గిస్తుంది."

"బీడీ లేకుంటే గోలీ మింగడు సారూ. గోలీ మింగకుంటే మళ్ళ గొలుసే. నన్నేం చెయ్యమంటవు?"

"ఒక్కసారే కాదు, మెల్లమెల్లగా. పొగ తగ్గేకొద్దీ గోలీల బలం పెరిగి మగత ఎక్కువైతే తీసుకురండి, గోలీలు తగ్గిద్దాం."

చెప్పడానికేం, నోరుంటే చాలు. చేసేవాళ్ళకు కదా తెలిసేది. షరీఫాబీ ముందు కిరాణా కొట్టు మాసయ్య దగ్గరికి పోయి, తన తమ్ముడికి బీడీలు ఇవ్వొద్దని చెప్పింది.

"ఏంది షరీఫక్కా, వానికున్నది గదొక్కటే గదా."

"ఊపిరి గూడ ఒక్కటే ఉన్నది మాసయ్యా!"

ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది, ఇద్దరు ముగ్గురితో పోట్లాడింది. బాబా గిన్నెలు విసిరాడు, గోడకు తల కొట్టుకున్నాడు, దారిన పోయేవాళ్ళు పారేసిన ముక్కలు ఏరుకున్నాడు. ఎన్నిసార్లు ఓడిపోయి మళ్ళీ ఇచ్చిందో! అయినా పట్టు విడవకుండా తగ్గించుకుంటూ వచ్చింది. చలికాలం పోయేసరికి గోలీ వెంట ఇచ్చే బీడీలే మిగిలాయి. దగ్గు నెమ్మదించింది. చివరికి వాటిని కూడా మాన్పించి, బదులుగా వేడి వేడి బజ్జీ పెట్టసాగింది. గోలీ, బజ్జీ చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి పోయేది. అక్కడి నుంచే "మింగినవా?" అని కేకేసేది. "ఆఁ" అనేవాడు. కాపలా బాధ తప్పిందని మురిసిపోయింది పిచ్చి తల్లి.

ఒకరోజు ఇల్లు ఊడుస్తుంటే పెట్టె వెనక గోలీలు దొరికాయి. ఒకటా రెండా, గుప్పెడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, నాలుగైదు రోజులుగా అతను గోడ వైపు తిరిగి గొణుగుతున్నాడని. ఇంత పాటుపడి మళ్ళీ గొలుసుకే తెచ్చానా అనుకుంటూ గోలీలు పట్టుకుని పక్కింటికి పోయింది.

"బీడీ ఇచ్చెయ్యక్కా, పాడైపోనీ. పోతే ఊపిరే పోతది," అంది జంగమ్మ.

షరీఫాబీ పరుగున పోయి మాసయ్య కొట్లో బీడీ తెచ్చింది. ఒక చేతిలో గోలీ, ఒక చేతిలో బీడీ పెట్టుకుని తమ్ముడి ముందుకు పోయింది. "తీస్కో రా. మింగి చావు. నాతోని అయితలేదు." ఏడుస్తూనే అరిచింది.

బాబా బీడీని చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

"బీడీ ఒద్దు ఆపా. ఊపిరాడదు."

"మరి గోలీ ఎందుకు మింగుతలేవు రా?"

చాప వైపు చూస్తూ అన్నాడు, "బీడీ తాగితే నా పక్కన కూసుంటుంటివి. ఇప్పుడు బజ్జీ పెట్టి పోతున్నవ్."

చాప అంటుకోకుండా చూసే కాపలా అది, అంతే అనుకుంది ఇన్నాళ్ళూ. వాడలో ఇన్ని బీడీలు ఇచ్చినవాళ్ళలో ఒక్కరైనా అతని పక్కన కూర్చున్నారా? తను మాత్రం బీడీ ఆరిపోగానే లేచిపోలేదా? సిగ్గేసింది, కోపం వచ్చింది, అన్నిటికీ మించి అలసట ముంచుకొచ్చింది. పిండి కలపనే లేదు. కర్నూలు బస్సు వచ్చే వేళైంది.

చాప మీద చతికిలబడింది. బాబా ఆమె చేతిలోంచి గోలీ తీసుకుని, నీళ్ళు తాగి, అడగకుండానే నోరు తెరిచి చూపించాడు. "పోకు," అన్నాడు.

బీడీ అయితే కాసేపటికి ఆరిపోయేది, ఆమె లేచిపోయేది. ఇప్పుడు ఎప్పుడు లేవాలో ఆమెకు తెలియలేదు. "పోనులే," అని గోడకు తల ఆనించి, వేళ్ళకంటిన కారం తుడుచుకుంటూ అలాగే కూర్చుండిపోయింది.