అవతలి అమ్మాయి ఊపిరి

1996 జూన్ 17, సోమవారం, ఉదయం ఐదుంబావు. రైసు మిల్లు పక్కగా నడిచినప్పుడు తడి ఊక వాసన సోకితే ఇప్పటికీ నాకు ఆ తేదీ, ఆ వేళ గుర్తుకు వస్తాయి. రాజమండ్రిలో ఒక చర్చి వెనుక రేకుల హాలు. జూడో మ్యాట్లు కొనే స్తోమత లేక, నేల మీద మందంగా ఊక పరిచి పైన టార్పాలిన్ బిగించి కట్టారు. రాత్రి కురిసిన వానకు ఒక మూల తడిసింది. పదిహేడేళ్ళ నేను గుమ్మంలో బెరుకుగా నిలబడి ఉంటే, జాతీయ చాంపియన్ మేరీ రత్నం గారు ఆ టార్పాలిన్ అంతటినీ వట్టి కాళ్ళతో తొక్కి చూస్తున్నారు. ఊక గడ్డకట్టిన చోట ఎవరైనా పడితే వెన్ను దెబ్బతింటుందని ఆమె భయం.

“ఏంటమ్మా అలా చూస్తున్నావు? నువ్వూ ఎక్కి తొక్కు. నీ కాళ్ళకి తెలియని చోట ఇంకొకళ్ళని పడెయ్యకూడదు” అన్నారు. నాకు ఆమె చెప్పిన మొదటి పాఠం అదే.

రత్నం గారు ధవళేశ్వరంలో ఒక బడిపంతులు గారి కూతురు. జూడోలో ప్రత్యర్థి మోచేతికి పట్టు వేసినప్పుడు, నొప్పి ఓర్చుకోలేనివారు అరచేత్తో మ్యాట్‌ను తడతారు, తట్టారంటే ఓడినట్టే. తన చివరి ఫైనల్లో రత్నం గారు తట్టలేదు. ఎలాగో విడిపించుకుని గెలిచారు, కానీ కుడి మోచేయి ఆ తరువాత ఎన్నడూ పూర్తిగా చాచలేకపోయారు. ఊళ్ళో జరిగిన సన్మానంలో శాలువా కప్పిన పెద్దమనిషి “ఆ చెయ్యే మన జిల్లాకి కిరీటమండి!” అన్నాడు.

“అలాగాండీ? ఆ కిరీటంతో జడ వేసుకోలేకపోతున్నానండి. మా చెల్లెలు అత్తారింటికి వెళ్ళాక క్రాఫు చేయించేసుకున్నాను” అన్నారామె. సభ అంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

అందుకే ఆమె హాలులో ఒక పద్ధతి ఉండేది. తట్టడం నామోషీ అనుకునే వయసు మాది. కాబట్టి అవతలివాళ్ళ చేతికి పూచీ పట్టు వేసినవాళ్ళదే. ఒకసారి నా తోటి పిల్ల సుజాతకు నేను పట్టు వేసి బిగిస్తుంటే, రత్నం గారు వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచారు.

“మేడమ్ గారూ, అది తట్టలేదుగా!” అన్నాను.

“అది తట్టదే! దాని పౌరుషం ముక్కు మీదుంటుంది. ఊపిరి బిగబట్టేసింది, వినబడలేదా?”

“మరి తట్టి ఓడిపోతే ఇంట్లో మా అమ్మ ఊరుకుంటుందా మేడమ్ గారూ” అని సుజాత మూలిగింది. ఆమె మోచేతికి రత్నం గారే వారం పాటు కాపడం పెట్టారు.

2000లో రత్నం గారు జాతీయ మహిళా జట్టు కోచ్ అయ్యారు. రెండేళ్ళకు ఆ జట్టు ఎంపిక పోటీలకు నేను వెళ్ళాను. నా బరువు విభాగంలో ఉన్నది ఒక్కటే చోటు. కోచ్ అధికారుల బల్ల దగ్గర కూర్చోవాలి. బరిలో ఉన్నవారితో ఒక్క మాటా మాట్లాడరాదు. నన్ను ఎరిగిన మనిషి కావడంతో ఆమె ముందు రోజు నుంచే నా ముఖం చూడడం మానేశారు. అది సబబేనని నాకూ తెలుసు.

ఫైనల్లో ఉత్తరాది అమ్మాయి మోచేయి నా పట్టుకు చిక్కింది. నా కాళ్ళ కింద ఉన్న ఆమె ముఖం నాకు కనబడడం లేదు. రిఫరీ అవతలి వైపున ఉన్నాడు. ఆ చెయ్యి ఎంత వంగిందో ఆయనకు కనబడి ఉండదు. ఆమె తట్టలేదు. ఇంకొంచెం బిగిస్తే ఆ చోటు నాది. ఎక్కడో ఊపిరి ఆగినట్టు తోచింది. అది ఆమెదో నాదో తెలియలేదు.

“వదిలెయ్యమ్మా!” అధికారుల బల్ల వైపు నుంచి రత్నం గారి గొంతు.

నేను వదిలేశాను. ఆ అమ్మాయి మరుక్షణమే తిరగబడి నన్ను వెల్లకిలా అదిమిపట్టింది. ఓడిపోయాను.

ఎవరో ఫిర్యాదు చేశారు: కోచ్ తన శిష్యురాలికి తమ భాషలో సలహా ఇచ్చిందని. అక్కడ తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఆ మాట నన్ను ఓడించిందని వెళ్ళి చెబుతానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఏం చెప్తావు? నేను మాట్లాడలేదని చెప్తావా? మాట్లాడానుగా. రూలు రూలే.”

తిరుగు ప్రయాణంలో రైలు గోదావరి వంతెన ఎక్కాక ఆమె హఠాత్తుగా అడిగారు: “నేను అనకపోతే వదిలేదానివా?”

నేను కిటికీ వైపు చూశాను. ఆ వంతెన చాలా పొడవు.

“పోనీలే, నాకూ భయమేసింది. నువ్వు వదలవేమోనని” అన్నారు.

నెల తిరగకుండానే పదవి పోయింది. ఆమె మళ్ళీ రేకుల హాలుకు వచ్చి, చివరి దాకా అక్కడే నేర్పారు. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. ఇప్పుడు అడిగేందుకు ఆమె లేరు.

పోయినవి: జట్టులో నా చోటు, ఆమె పదవి, నేను ఇవ్వవలసిన జవాబు. మిగిలినవి: మళ్ళీ ఎన్నడూ చూడని ఒక అమ్మాయి విరగని మోచేయి; ఇంకా, నా ఎదుట మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి మౌనం వహిస్తే, నేను ఎక్కడ బిగించానా అని కలిగే భయం.